శుక్రవారం తెరవని గది

నిరుడు వానాకాలం, వనపర్తి. ఇళ్లలో పురుగులకు మందు కొట్టే పెస్ట్ కంట్రోల్ పనిలో ఎన్నో గొడవలు చూశాను. ఆ ఇల్లు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫోన్ చేసింది ఇంటి ఓనరు, పల్లి పండించే రైతు. "కిరాయికున్నామె గలీజు మనిషి. ఇల్లంత పురుగులే. మందు గొట్టు, పైసలు ఆమె ఇస్తది. లేకుంటే ఖాళీ చేయిస్త" అన్నాడు.

ఆమె పేరు లింగమ్మ. అడవి పక్క ఊరు మన్ననూర్ నుంచి వచ్చి ఇక్కడి దవాఖానలో ఆయాగా చేస్తోంది. పోయి చూస్తే వంటిల్లు అద్దంలా ఉంది! అయినా ఎర్రటి చిన్న పురుగులు బియ్యం డబ్బా మీద, పసిపిల్ల పక్కబట్టల మీద పాకుతున్నాయి.

"అడవోళ్లకు సఫాయి తెల్వదని ఓనరు గల్లీ అంత చెప్పిండన్నా. గిప్పుడు నాకు ఎవ్వరు ఇల్లిస్తరు?" అంది, పిల్ల చెవి దగ్గరి పురుగును తీసి నలిపేస్తూ.

బొద్దింకలైతే జెల్ బెయిట్ పెడతాం, అవి తిని చచ్చే మందు. ఇవి నిల్వ గింజల్లో పెరిగే పురుగులు. పక్క గది తలుపు కింది నుంచి వస్తున్నాయి. ఆ గదికి తాళం. మా వైపు రైతులు కొందరు ఇల్లు కిరాయికిచ్చినా ఒక గది ఉంచుకుని విత్తనపు పల్లి దాస్తారు.

ఓనరును పిలిపించి తాళం తియ్యమన్నాను.

"ఇయ్యాల శుక్రవారం. విత్తనాల గది తెరిస్తే లక్ష్మి పోతది" అన్నాడు ఓనరు.

పసిపిల్ల మీద పురుగులు పాకితే పోని లక్ష్మి, తలుపు తీస్తే పోతుందట!

శనివారం మళ్లీ పోయి, దగ్గర నిలబడి తీయించాను. బస్తాల నిండా పురుగులే. ఫ్యూమిగేషన్, అంటే బస్తాలు కప్పేసి విషపు గాలి పట్టించడం, మనుషులున్న ఇంట్లో చేయకూడదు. ముందు బస్తాలు బయటికి తియ్యమన్నాను. ఆయన నా పక్కకొచ్చి, "సరే, ఖర్చు నేనే పెట్టుకుంట. గల్లీల మాత్రం ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

లింగమ్మ వింది. "ఖర్చు సంగతి గాదు సారు. నన్ను గలీజుదని గల్లీకి చెప్పిన్రు గదా, గాదని గూడ గల్లీకే చెప్పున్రి."

ఆయన ఖర్చు పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. లింగమ్మే సామాను సర్దుకుంది.

నాకు మనసు ఊరుకోలేదు. ఇల్లు వెతకడానికి ఆమెతో నేనూ తిరిగి, పురుగులు ఓనరు బస్తాల్లోవని గడప గడపకూ చెప్పాను. ఇల్లు దొరికింది. అప్పటి నుంచి ఏ కిరాయి ఇంటికి పోయినా, మందు డబ్బా దించకముందే ఓనరును అడుగుతాను: "తాళమేసిన గది ఏది?"