ఈరన్న చేతిలోని చీటీ

రామాంజనేయులుది అనంతపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో అట్టలు కోసే పని. చదువు తొమ్మిదితో ఆగింది గానీ ఆట పిచ్చి ఆగలేదు. 2003లో బెంగుళూరు నుంచి వచ్చిన స్నేహితుడు ఓబుళేసు ఒక కొత్త ఆట నేర్పి అతన్ని పూర్తిగా చెడగొట్టాడు. ప్యాకెట్లలో అమ్మే బొమ్మల చీట్ల ఆట అది. రాక్షసులు, మంత్రగాళ్లు, కోటలు, ఒక్కో చీటీకి ఒక్కో శక్తి. వేల చీట్లలోంచి అరవై ఏరి కట్టగా పెట్టుకోవాలి. ఓబుళేసు ఇచ్చినవి పదకొండు. పన్నెండోది దొరికే అంగడి అనంతపురంలో లేదు.

దారి చూపింది ఎలిజబెత్. ప్రెస్సు పక్క సందులో నెట్ సెంటర్ నడిపేది ఆవిడే. ఆ ఆటలో అచ్చయిన ప్రతి చీటీ, దాని మీద రాసినదంతా ఒక సైటులో ఉందని వెతికి పెట్టింది. అందులో నచ్చిన అరవై ఏరి, పేరు పెట్టి దాచుకోవచ్చు. ఒక బటన్ నొక్కితే కట్టను కలిపి మొదటి ఏడు చీట్లు పంచి చూపిస్తుంది కూడా. ఇక మనవాడి మధ్యాహ్నం అన్నం వేళంతా అక్కడే. ఇంగ్లీషు అర్థం కాని చోట ఆవిడ చెప్పేది, అతను నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. చేతిలో చీటీ లేనివాడికి ఆట మొత్తం ఇచ్చిన ఆ సైటువాళ్లెవరో గానీ, వాళ్ల కడుపు చల్లగుండాలి.

ఇక చీట్లు తయారు చేయాలి. పెళ్లికార్డుల అట్టకు షీటు షీటుకూ లెక్క ఉంటుంది. ఎవరికీ అక్కరలేని తెల్లట్ట ప్రెస్సులో ఒకటే ఉంది, దినాల కార్డులు వేసేటప్పుడు పాడైనవి. చావు కబురు కార్డును మనవైపు ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, చదివిన చేత్తోనే చింపేస్తారు. ప్రెస్సులో పాడైనవి కూడా ఏ రోజువి ఆ రోజే చింపాలని యజమాని హనుమంతప్ప కట్టడి. రామాంజనేయులు చింపలేదు. అరవై ముక్కలు కోసి, లోపలి అచ్చు కనబడకుండా రెండువైపులా తెల్లకాగితం అంటించాడు. ఒక ముక్క మీద 'కీర్తిశేషులు ఈరన్న' అని పేరు మొత్తం పడింది. అతని నాయన పేరూ ఈరన్నే. ఊరికి పదిమంది ఈరన్నలు ఉంటారులే అనుకుని, దాని మీదా కాగితం అంటించి 'పాతబావి కాపరి' అని చీటీ పేరు రాసేశాడు. ఆగి ఆలోచించే బుద్ధి ఆ క్షణాన లేకపోయింది మహానుభావుడికి.

ఆడటానికి తోడు ఆ నాయనే. బెళుగుప్ప దగ్గర బోర్లన్నీ ఎండిపోయి, చేను బీడు పెట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో కొడుకు గదికి చేరాడు. పేకాటలో ఆరితేరినవాడు గనక నాలుగు ఆదివారాల్లో ఈ ఆటా పట్టేశాడు. కట్ట ఒకటే కాబట్టి ఇద్దరూ అందులోంచే ఆడేవారు. కలిపి పంచేది మాత్రం నాయన. ఆడుతున్నంతసేపూ ఆయనకు దగ్గు తగ్గినట్టుండేది. ఇంకో ఏడాదైనా ఆయన ఇలా వాకిట్లో కూర్చుని ఆడితే చాలని రామాంజనేయులు ఆశ.

కాపరి చీటీ ప్రతిసారీ నాయనకే పోతోందని అతను గమనించింది ఐదో ఆదివారం. ఆరోదీ అంతే. ఏడో ఆదివారం తొమ్మిది ఆటలు ఆడారు. తొమ్మిదిసార్లూ నాయనకు పడిన మొదటి ఏడు చీట్లలోనే అది ఉంది.  మర్నాడు రామాంజనేయులు ఎలిజబెత్ దగ్గరికి పోయి, సైటులో అదే కట్ట తెరిచి బటన్ నొక్కాడు. తొమ్మిదిసార్లకు ఒకసారి వచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ తొమ్మిదికి ఒకసారే. కంప్యూటర్లో న్యాయంగానే ఉంది, ఇంట్లోనే లేదు.

"నాయనా, ఆ కాపరిని తీసేసి ఇంకోటి రాస్తా" అన్నాడు ఆ సాయంత్రం.

"ఏంటికప్పా?" అంటూ ఈరన్న ఆ చీటీని వాలుతున్న ఎండకు ఎత్తి పట్టాడు. కాగితం వెనక నల్లటి అక్షరాలు తేలాయి. "నా పేరు ఉండాదనేనా? మొదటి దినమే చూసినా. పేకాటోణ్ని, ఎండకు పట్టి చూడకుండా చీటీ ముట్టుకుంటానా?"

"మరి ప్రతిసారీ నీకే ఎట్ల పోతాండాది?"

"నేనే లాక్కుంటాండా. కలిపేటప్పుడు అడుక్కు తోసి నా వంతులో కలుపుకుంటాండా. సావు చీటీ నా కొడుకు చేతికి పోనిస్తానా?"

రామాంజనేయులుకి ఏడుపు ఆగలేదు. ఈరన్న కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపేశాడు.

"ఒక మాట చెప్పల్ల. నిన్న చేతులు వణికినాయి. కడాన నాలుగాటలూ నేనేం చెయ్యలేదు. అదే వచ్చినాది."

మూడు వారాలకు ఈరన్న పోయాడు. ఆయన దినాల కార్డులు రామాంజనేయులే కోశాడు. మిగిలినవి అప్పుడే చింపాడు, ఇంటికి వచ్చి ఆట కట్టనూ చింపాడు. చింపుతూ లెక్కపెడితే యాభై తొమ్మిదే ఉన్నాయి. కాపరి లేదు. గదంతా వెతికినా దొరకలేదు.

సైటులో మాత్రం కట్ట అరవైతో భద్రంగా ఉంది. నాయన చీటీని ఒక్కసారి చూడాలనిపించి బటన్ నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు. నెట్ సెంటర్ తలుపు మూసే వేళకు ఎనభై సార్లు నొక్కి ఉంటాడు. తొమ్మిదికి ఒకటి లెక్కన ఎనిమిది సార్లన్నా రావలసింది.

ఎలిజబెత్ వచ్చి జాబితా చూసింది. "కాపరి ఈడనే ఉండాది కదప్పా. యాడికి పోతాది?"

"పంచేది ఇంకా నాయనే అక్కా" అన్నాడు రామాంజనేయులు. "నా చేతికి రానీడు."