మేనత్త వాకిట్లో బిందెలు

మా మేనత్త పోయిందన్న కబురు గోపాల్‌పేటకు చేరిన రోజున మా బావిలో ఇంటిల్లిపాది తలస్నానాలకు సరిపడా నీళ్లు లేవు. కార్తీక మాసం. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. కబురు తెచ్చింది బట్టల వ్యాపారం చేసే చాచా. అద్దకం గుడ్డల కోసం బందరు వెళ్లివచ్చే ఆయనే ఇన్నేళ్లూ మాకూ అత్తకూ మధ్య తపాలా. అరుగు మీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టి, "చెల్లె ఇగ లేదు పటేలా" అన్నాడు. నాన్న బావి వైపు చూశాడు.

అత్త పెళ్లయి బందరు వెళ్లిపోయింది. మామకు అక్కడి రైల్వేలో పని. నేను పెళ్లీడు పిల్లగా ఉన్నప్పుడు ఆమెకు ఉబ్బసం ముదిరితే తోడుగా ఉండమని నన్ను పంపారు. శ్రావణంలో వెళ్లి కార్తీకం దాకా ఉన్నాను. వెళ్లిన రోజు వాన పడుతోంది. తిరుగు రైలెక్కిన రోజూ పడుతూనే ఉంది. మధ్యలో తెరిపి ఇచ్చిన రోజులు ఉండే ఉంటాయి, గుర్తున్నవి తక్కువ. జాడీలో ఉప్పు నీరైపోయేది. అగ్గిపెట్టెను బియ్యంలో దాచేవాళ్లం. తలుపు ఉబ్బిపోయి భుజంతో తోస్తే గాని తెరుచుకునేది కాదు. ఇక గాలి సంగతి చెప్పక్కర్లేదు, పక్కపక్కనే కూర్చుని కూడా అరుచుకుంటూ మాట్లాడుకోవాలి. కుంపటి మీద బుట్ట బోర్లించి చీరలు ఆరబెట్టేవాళ్లం. ఆరింది నాకిచ్చి, ఆరీ ఆరనిది అత్త కట్టుకునేది. అంత దగ్గుతోనూ అదే వరస. వద్దంటే కసురుకునేది.

చినుకు పడగానే మాత్రం ఆయాసపడుతూ లేచి, ఇంట్లో ఉన్న బిందెలూ గిన్నెలూ అన్నీ చూరు కింద వరసగా పెట్టేది. వాకిలంతా నీళ్లు, ఆ నీళ్ల పక్కన బిందెలు. పక్కింటావిడ గోడ మీంచి చూసి నవ్వేది.

"ఏమండోయ్, మీ నైజాంలో వానొస్తే బిందెలతో ఎదురెళతారా ఏంటి?"

"ఎట్ల ఊకుంటమమ్మ? వాన పడుతుంటె బిందె లోపట వెట్టుకొని కూసుంటె మనసొప్పుతదా?" అనేది అత్త.

మీరు తడి ఊళ్లో పుట్టినవాళ్లయితే ఇదంతా నవ్వులాటగా ఉండొచ్చు. నాకూ అప్పట్లో సిగ్గేసేది. ఇవాళ నాలుగు చినుకులు రాలితే నా చెయ్యి బిందె మీదికే పోతుంది.

ఎండ కాస్త మొహం చూపించిందా, చాచాతో మా ఇంటి నుంచి వచ్చిన జొన్నలు చాటలో పోసి బయట పెట్టేది. సగం బూజు పట్టినవే. వాటి పక్కనే తానూ వీపు ఎండకు పెట్టి కూర్చునేది.

"ఎముకల దాక తడిసిన, బిడ్డా. ఒక్క ఎండకాలం మనింట్ల ఉంటె అన్ని ఎండుతయి."

డాక్టరూ అదే చెప్పాడు, పొడిగాలి ఉన్న ఊరికి వెళ్లమని. నిండుగా పోయే కాలువను చూస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. "గిన్ని నీళ్లు పోయి సముద్రంల వడ్తున్నయి. సముద్రానికెందుకు నీళ్లు?" అనేది. కాసేపటికి తనే మెత్తబడి, "బీచుపల్లి కాడ మనం మునిగిన కృష్ణనే గిది. నాలెక్కనే గింత దూరమొచ్చింది" అనేది.

పుట్టింటివాళ్లు పిలవనిదే ఆడబిడ్డ రాదు. అది మా పద్ధతి. నాన్న పిలవలేదు. ప్రేమ లేక కాదు. ఏటేటా పిలుద్దామనుకునేవాడు, బావిలోకి తొంగిచూసి ఆగిపోయేవాడు.

"నీళ్లల్ల బతికిన మనిషి. గీడికొస్తె తానానికి చెంబెడు నీళ్లు పొయ్యలేను. ఏం మొహం పెట్టుకొని పిలువాలె? వచ్చే ఏడు సూద్దాం."

"అత్తకు గావాల్సింది ఎండనే నాయినా" అని నేనెంత చెప్పినా ఆయన తలకెక్కలేదు. చాచా వెళ్లినప్పుడల్లా ఈ సంగతి అత్తకు చేరేది. ఆమె పంపే జవాబు ఒక్కటే: "మా అన్నకు చెప్పు భాయ్, నీళ్లు నేనే తెచ్చుకుంట. జర ఎండ ఉంచుమను." ఆ మాట విని మేమంతా నవ్వేవాళ్లం. నాన్న కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వులే గుచ్చుకుంటున్నాయి. ఎండకు కరువే లేని ఇల్లు మాది. అందులో ఆమెకు కాస్తయినా ఇవ్వలేకపోయాం.

ఆఖరి రోజుల్లో మంచం దిగలేకపోయినా, వాన చప్పుడు వినిపిస్తే "బిందెలు వెట్టిన్రా?" అని అడిగేదట. మామ పనికి పోతే పక్కింటావిడే వచ్చి పెట్టేదట, నవ్వకుండా. అత్త పోయిన పూట కూడా అవి నిండి పొర్లుతున్నాయట. ఇవన్నీ ఆవిడ చాచాతో చెప్పింది.

చాచా సంచిలోంచి ఒక ఇత్తడి చెంబు తీశాడు. మా ఇంటి నుంచి సారెతో పోయిన చెంబే. మూతికి గుడ్డ బిగించి కట్టి ఉంది.

"పక్కింటామె ఇచ్చింది పటేలా. ఆ పూట బిందెలల్ల పడ్డ నీళ్లంట. అన్నకియ్యుమని చెల్లె ముందే చెప్పి పెట్టిందంట. రైల్ల ఒళ్లె పెట్టుకొనే వచ్చిన."

నాన్న బావి దగ్గరికి పోలేదు. వాకిట్లో కూర్చుని, గుడ్డ విప్పి, ఆ నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. చెంబెడు నీళ్లు ఎంతసేపు? ఆయన చుట్టూ మట్టి కొద్దిగా నల్లబడింది. ఎండ బాగా ఉంది. ఆ తడి అంచుల నుంచి ఆరుతూ చిన్నదవుతుంటే మేమంతా నిలబడి చూశాం. నేల పూర్తిగా ఆరిపోయినా నాన్న అక్కడి నుంచి లేవలేదు.