కొత్త స్టేజీ, నా బూట్లు

మిలియన్ల డాలర్లు పోసి బాగు చేస్తున్న మా ఊరి పాత ఒపెరా థియేటర్‌కి పనిచేసే ఇంజనీర్లలో నేనొకణ్ణి. ఇవాళ అది చూపించడానికి మా అమ్మాయి సుధని తీసుకెళ్లాను. మా ఇంటి బేస్‌మెంట్‌లో టేప్‌రికార్డర్ పెట్టుకుని కూచిపూడి ఆడే పిల్ల కదా, కొత్తగా చెక్క పరిచిన స్టేజీని వంగి తాకి కళ్లకద్దుకుంది.

వడ్రంగి మేస్త్రీ ఫ్రాంక్ కంగారుపడ్డాడు. "ఇంకా దుమ్ముందా?"

"లేదు. కాళ్లతో తొక్కుతాం కదా, ముందే సారీ చెప్తాం," అంది సుధ.

"ముప్పై ఏళ్లుగా స్టేజీలు వేస్తున్నా. నా చెక్కకి సారీ చెప్పినవాళ్లే లేరు!" అన్నాడాయన మురిసిపోతూ.

నేను వెంటనే స్టేజీ ఎక్కి మన సంప్రదాయం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫ్రాంక్ నవ్వుతూ కిందికి చూశాడు.

"డాడీ, నీ షూస్!" అంది సుధ.

బురద బూట్లు విప్పి చేత్తో పట్టుకుని స్టేజీ దిగాను. మీ ఇళ్లలోనూ ఇంతేనా, సంప్రదాయం పిల్లలకీ, ఉపన్యాసం మనకీనా?