పులిసిన పప్పు

కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌లో మెస్ బాధ్యత నాది. జగిత్యాల నుంచి రోజూ పొద్దున్నే బస్సులో వెళ్లేదాన్ని. తిండి బాగుంటే నన్నెవరూ తలచుకోరు. బాగాలేకపోతే అందరికీ నేనే గుర్తొస్తాను.

పెద్ద వంటమనిషిది కథలాపూర్ దగ్గరి పల్లె. వాళ్ల నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఈయన ఆ పనిలోకి పోకుండా పెళ్లిళ్లలో వంటలు చేస్తూ చేస్తూ మా హాస్టల్‌లో కుదురుకున్నాడు. నాకంటే చాలా పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఆయన పచ్చిపులుసు చేసిన రోజు పిల్లలు మళ్లీ మళ్లీ వడ్డించమనేవారు.

ఆ వానాకాలం జ్వరం వచ్చి కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండి తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఏదో తేడా. తాలింపు మాడిపోయేది, కూర అడుగంటేది. పక్కనే నిలబడి ఉండీ చూసుకునేవాడు కాదు. ఒక మధ్యాహ్నం, ముందు రోజు మిగిలిన పప్పును వేడిచేసి వడ్డించాడు. నేను వచ్చి గిన్నె మూత తీయగానే గుప్పున పులిసిన వాసన. అప్పటికే కొందరు రెండు ముద్దలు తినేశారు. ఎవరికి వాంతులవుతాయోనని సాయంత్రం దాకా గదుల వెంట తిరుగుతూనే ఉన్నాను. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

"గిది పులిసిందని తెల్వలేదా అన్నా?" అని అడిగితే, "పొరపాటైంది చెల్లె" అని తల దించుకున్నాడు.

వంటలో సాయం చేసే ఆమె ఆయన్ను కాకా అనేది. నన్ను పక్కకు పిలిచింది. "కాక మనసు పని మీద లేదు మేడం. తాగుతుండో ఏమో."

ఆయన తాగడని నాకు తెలుసు. అయినా ఆ మాట చెవిన పడ్డాక, ఆయన దగ్గరికొస్తే కళ్లలోకి అనుమానంగా చూడటం మొదలుపెట్టాను.

మేనేజర్ ఫోన్ చేశాడు. "పిల్లలకేమన్నైతే జవాబు నువ్వు చెప్తవా? రేపు గాయన్ను పంపించెయ్. ఇంకో మనిషిని నేను చూస్త."

మరునాడు బస్సులో దారి పొడుగునా అన్నకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ఎలా మొదలుపెట్టినా మధ్యలో ఆగిపోతున్నాయి. ఈ వయసులో ఆయన ఎక్కడికి పోతాడు? పంపకపోతే రేపు ఏ పిల్లకు ఏమవుతుందో? కోరుట్ల బస్టాండులో దిగి నేరుగా హాస్టల్‌కు నడిచాను.

వంటగది తలుపు తోశాను. గ్యాస్ వాసన ముఖాన కొట్టింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆయన లైటర్ పట్టుకుని పొయ్యి మీదికి వంగుతున్నాడు.

"అన్నా, ఆగు! ముట్టియ్యకు!"

ఉలిక్కిపడి తిరిగాడు. "ఏమైంది చెల్లె?"

"గ్యాసు! వాసన వస్తలేదా?"

"ఏడ?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

లైటర్ లాక్కుని, సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచి ఆయన్ను బయటికి లాక్కొచ్చాను. మెట్ల మీద కూలబడ్డాం.

"జరం అచ్చినకాడికెల్లి నాకు ఏ వాసనా తెల్వది" అన్నాడు. "ఉప్పు, కారం జర తెలుస్తయి. గంతే."

"నాకెందుకు చెప్పలే?"

"వాసన తెల్వనోన్ని వంటకు ఎవలు పెట్టుకుంటరు? ఇయ్యాల అస్తది, రేపు అస్తది అనుకున్న."

"పని పోతదని దాస్తివి. పాణమే పోతుండె గదా అన్నా! పైన గంతమంది పిల్లలున్నరు."

ఆయన తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. నేను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

అక్కడి నుంచే మేనేజర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "పంపించేస్తె ఇంకోకాడ గిట్లనే దాచుకొని పొయ్యి ముట్టిస్తడు సార్. ఈడుంటె మనకు తెలుసు కాబట్టి చూసుకుంటం." "ఏమన్నైతే నీదే పూచీ" అని మేనేజర్ ఫోన్ పెట్టేశాడు.

ఇకపై పొయ్యి, రుచి నువ్వే చూసుకోమంటే సాయం చేసే ఆమె మాత్రం ఒప్పుకోలేదు. "పొయ్యి నేనే ముట్టియ్యాలె, రుచి నేనే చూడాలె. పెద్ద వంటమనిషి పేరు గాయనదా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆయనే అన్నాడు: "పెద్ద వంట నువ్వే చెయ్ బిడ్డా. నేను కూరగాయలు కోసిస్త, చపాతీలు చేస్త."

ఆమె చప్పున మెత్తబడింది. "తాగుతుండని అన్న కాకా. మనసుల పెట్టుకోకు."

గ్యాస్ పైపు మార్పించాం. లీకైతే మోగే అలారం పెట్టించాం. జగిత్యాలలో చూపిస్తే ముక్కు డాక్టరు, వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మొదట్లో ఆయన గోడవైపు తిరిగి కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉల్లిగడ్డలు కోసేవాడు. చూడలేక నేను సరుకుల గదిలోకి వెళ్లిపోయేదాన్ని. మెల్లగా, మసాలా ఎప్పుడు వేయాలో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వాసన చూసి ఎలా ఉందో చెబితే, ఇంకాసేపు వేగనిమ్మనో, దించేయమనో అనేవాడు. పిల్లల కంచాలు మళ్లీ ఖాళీ అయ్యాయి.

నా భయం మాత్రం పోలేదు. ఇప్పటికీ వంటగది గడపలో ఆగి, ఒకసారి గాలి పీల్చి చూశాకే లోపలికి అడుగు పెడతాను.

మొన్న ఆయన కొత్తిమీర కట్ట విప్పుతూ ఆగిపోయాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం పని ఆపి చూస్తున్నాం.

"ఏమన్న తెలుస్తుందా కాకా?" అందామె.

మరోసారి వాసన పీల్చి తల అడ్డంగా ఊపాడు. కట్ట పీట మీద పెట్టి కోయసాగాడు.