తడిచేత్తో తెరుచుకునే చాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వల మీద చాకు పెట్టడమంటే అన్నం కంచాన్ని కాలితో తన్నడంతో సమానం. మాది కొల్లేట్లో ఒక లంక ఊరు. చేప పడితే పొయ్యి వెలిగేది, లేకపోతే లేదు. వలలు ఇంట్లోనే నూలుతో అల్లుకునేవాళ్ళు. మా నాయనమ్మ ఒక్కో వలకు నెలల తరబడి గుమ్మంలో కూర్చుని అల్లేది. అందుకని చిక్కు పడితే వేళ్ళతో విప్పుకోవాలి, అది కాకపోతే పళ్ళతో లాగి విప్పుకోవాలి, ఎంతసేపు పట్టినా సరే. కొయ్యకూడదు. మా తాతయ్య ఈ మాట రోజూ అనేవాడు. మా నాన్న కుర్రతనంలో ఒకసారి కాలికి చుట్టుకున్న వలను కోసేసి బయటపడ్డాడట. తాతయ్య గట్టు మీద నలుగురిలో తెడ్డు తీసుకుని కొట్టాడట. ఆ సంగతి మా ఊళ్ళో నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా ఊళ్ళోకి నైలాను వలలు వచ్చాయి. తేలిక, కుళ్ళవు, నీళ్ళలో చేపకు కనబడవు. నాన్న ఒకటి కొన్నాడు. నూలు వల కాళ్ళకు చుట్టుకుంటే గట్టిగా తన్నితే ఎక్కడో ఒకచోట తెగేది. నైలాను తెగదు, గుంజేకొద్దీ బిగుస్తుంది. వల మారింది గానీ మా ఇంట్లో మాట మారలేదు. మార్చాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి ఒక చావు కావలసి వచ్చింది.

నాన్న దగ్గర తిరనాళ్ళలో కొన్న మడత చాకు ఒకటి ఉండేది. కొమ్ము పిడి, రెండు చివరలా ఇత్తడి, కోసే అలుగులు పెద్దదొకటి, చిన్నదొకటి, సీసా మూత తీసే కొక్కెం. ఎండలో పెడితే తళతళలాడేది. దాన్ని తెరవడం మాత్రం పెద్ద పని. ఒక చేత్తో పిడి బిగించి పట్టుకుని, రెండో చేతి గోరు అలుగు మీది గాడిలో దూర్చి, పళ్ళు బిగబట్టి లాగాలి. నాకు జామకాయ కోసిచ్చేటప్పుడల్లా "ఉండవే, లోపలివాళ్ళు తలుపు తియ్యట్లేదు" అనేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

వాన వెలిసిన ఒక పొద్దున నాన్న ఒక్కడే దోనె వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నమైనా రాలేదు. తాతయ్య మరో దోనెలో బయలుదేరాడు. వద్దంటున్నా నేనూ ఎక్కాను. ఇరుగుపొరుగు మగవాళ్ళు ఇద్దరు వెనకాల వచ్చారు. కిక్కిస గడ్డి పక్కన నాన్న దోనె ఖాళీగా ఊగుతోంది. దానికి కాస్త దూరంలో నాన్న. నిలబడితే ఛాతీ దాకా రాని నీళ్ళు. ఈత వచ్చిన మనిషి. వల రెండు కాళ్ళకీ, కుడిచేతికీ చుట్టుకుని బోర్లా తేలుతున్నాడు. వెంట వచ్చినవాళ్ళు కొడవలి తీసి వల కొయ్యబోయారు. అప్పుడు తాతయ్య అరిచాడు, "ఒరేయ్, కొయ్యకండిరా! వలరా అది!" అని.

ఆయనకు కొడుకు కంటే వల ఎక్కువని కాదు. పుట్టినప్పటి నుంచి నోటికి అలవాటైన మాట అదే. నీళ్ళలోకి దిగి, ఏడుస్తూ, వల కన్ను తర్వాత కన్ను వేళ్ళతో విప్పాడు. పొద్దు వాలేదాకా విప్పాడు. ఒక్క కన్ను తెగలేదు. మా నాన్న శవంగా ఇంటికొచ్చాడు, వల క్షేమంగా వచ్చింది. మొలలో దోపుకున్న చాకు మడిచింది మడిచినట్టే ఉంది. అమ్మ దాన్ని తీసి కొల్లేట్లోకి విసిరేసింది. ఆ రోజు నుంచి తాతయ్యతో మాట్లాడడం మానేసింది. అన్నం మాత్రం పెట్టేది, కంచం ఆయన ముందు పెట్టి మొహం తిప్పుకునేది.

ఇంట్లో మగపిల్లలు లేరు. తాతయ్య ఒక్కడే వల లాగలేడు. దోనెలో రెండో మనిషిగా నేను వెళ్ళక తప్పలేదు. అమ్మ గోడతో చెప్పినట్టు అంది, "ఒకణ్ణి ఇచ్చాం, చాల్లేదు కాబోలు. దీన్ని కూడా నీళ్ళకు ఇచ్చేస్తారు." మర్నాడు తాతయ్య నన్ను వెంటబెట్టుకుని దోనె మీద గట్టుకు వచ్చి, అక్కడ బస్సెక్కించి ఏలూరు తీసుకెళ్ళాడు.

అక్కడ బజార్లో ఒక ఇనప సామాన్ల కొట్టు. కొట్టాయన మనిషి మంచివాడే, నోరు కాస్త ఎక్కువ.

"చాకు కావాలండి. ఈ పిల్లకి" అన్నాడు తాతయ్య.

"పిల్లకా! పలకా బలపం కొనిపెట్టండి పెద్దాయనా, చాకెందుకండీ? మొగుడొచ్చాక కొనుక్కుంటుందిలెండి."

తాతయ్య నవ్వలేదు. కొట్టాయన గాజుపెట్టె మీద చాకులు పరిచాడు. నా చెయ్యి ఎర్రపిడి చాకు మీదికి పోయింది. దానికి చిన్న అద్దం కూడా ఉంది. తాతయ్య దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. ఒక్కో చాకునూ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంటే లోపలి మేకు వదులుగా ఉన్నట్టు, అది వద్దు. తెరిచి వెలుతురుకు ఎత్తి చూశాడు. అలుగు పక్కకు కదిలితే వద్దు. తర్వాత "కాసిని నీళ్ళిప్పిస్తారా అండీ?" అన్నాడు. దాహమనుకుని ఆయన గ్లాసుతో తెచ్చిచ్చాడు. తాతయ్య ఆ నీళ్ళు నా చేతుల మీద పోశాడు.

"ఊఁ, తెరువు. ఒక్క చేత్తో."

ఒకదాని తర్వాత ఒకటి అన్నీ నా చేతికిచ్చాడు. ఏదీ తెరుచుకోలేదు. జారిపోయేది, గోరు విరిగేది. గాజుపెట్టె నిండా నీళ్ళయ్యాయి.

"ఏవండీ పెద్దాయనా, పెళ్ళికూతుర్ని కూడా ఇన్నిసార్లు నడిపించి చూడరండీ!" అన్నాడు కొట్టాయన.

"పెళ్ళికూతురు కుదరకపోతే పుట్టింటికి పోద్దండి. ఇది కుదరక మా వోడు పోయాడండి."

కొట్టాయన లోపలికెళ్ళి వెతికి, దుమ్ము పట్టిన చాకు ఒకటి తుడుచుకుంటూ తెచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాలు కోసే కూలీలు కొనుక్కునే రకమట. చెక్క పిడి, నల్లటి ఇనప అలుగు, నా నాలుగు వేళ్ళ వెడల్పంత పొడవు. చూడ్డానికి చచ్చిన జెర్రిగొడ్డులా ఉంది. కానీ మడిచి ఉన్నప్పుడు అలుగు వీపు పిడిలోంచి కొంచెం పైకి లేచి ఉంది. తడి బొటనవేలు దాని మీద పెట్టి తోస్తే తెరుచుకుంది. తెరుచుకున్నాక టక్కుమని నిలబడింది, వేళ్ళ మీదికి మడతపడలేదు.

"ఇది తుప్పు పడుతుందండీ, ముందే చెప్తున్నాను."

"పడనివ్వండి. తుప్పు పట్టేదాన్నయితే రోజూ తీసి చూసుకుంటాం. తళతళలాడేదాన్ని దాచుకుంటాం."

ఇంటికొచ్చాక దాని మొనను రాయి మీద అరగదీసి గుండ్రంగా చేశాడు. నీళ్ళలో కంగారుగా కోసేటప్పుడు మొన ఉంటే కాల్లో దిగుతుందట. అలుగు పదును మాత్రం వెంట్రుక తెగేలా పెట్టాడు. పిడి చివర చిల్లు చేసి, దారం కట్టి, దాన్ని నా పావడా బొందుకు ముడేశాడు. వారానికోసారి మేకు మీద ఆముదం చుక్క. రోజూ పొద్దున్నే చేతులు తడుపుకుని తెరవాలి, మడవాలి. తర్వాత చేప జిగురు పూసుకుని. తర్వాత కళ్ళు మూసుకుని. కుడిచేత్తో వచ్చేసిందని మురుస్తూ చూపిస్తే, ఎడమచేత్తో చెయ్యమన్నాడు. నేను ఎడమచేత్తో అన్నం కూడా తినను కదా అన్నాను. "ఆ పూట నీకు ఏ చెయ్యి ఖాళీగా ఉంటదో నాకు తెలుసా, నీకు తెలుసా?" అన్నాడు. ఎడమ బొటనవేలికి రావడానికి ఇంకో నెల పట్టింది.

ఒక పొద్దున దోనెలో బయలుదేరాం. తాతయ్య నాన్న వల పట్టుకొచ్చాడు. ఆనాటి నుంచి దాన్నెవరూ ముట్టుకోలేదు. కిక్కిస గడ్డి దగ్గర దోనె ఆపి దిగమన్నాడు. నీళ్ళు నా చంకల దాకా వచ్చాయి. అడుగున మెత్తటి బురద. ఏం చెయ్యాలా అని చూస్తుండగా తాతయ్య వల ఎత్తి నా మీద వేశాడు. అంచు లాగి నా కుడిచేతికి రెండు చుట్లు చుట్టాడు. దోనెలోకి ఎక్కి కూర్చున్నాడు.

నేను ముందు నవ్వులాట అనుకున్నాను. కాళ్ళు కదిపితే వల కాళ్ళకు చుట్టుకుంది. లాగితే బిగిసింది. వేళ్ళతో విప్పబోయాను, మా ఇంట్లో అందరూ చేసే పని అదే కదా. ఒక కన్ను విప్పితే రెండు పడుతున్నాయి. అడుగు తడబడి బురదలో మునిగి, నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"తాతయ్యా, తియ్యి!"

"కొయ్యి."

"నాన్న వల తాతయ్యా!"

"కొయ్యవే!"

చాకు బొందుకు ఉంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. అయినా నేను తియ్యలేదు. ఈ మాట దాచడం నాకిష్టం లేదు. నీళ్ళు నోట్లోకి వస్తున్నా నేను వల విప్పుతూనే ఉన్నాను, చాకు తియ్యలేదు. ఆ వల ఇంట్లో మిగిలిన నాన్న. దాన్ని కోస్తే నాన్నను కోసినట్టు అనిపించింది. దగ్గు వచ్చింది, నీళ్ళు మింగాను. తాతయ్య దోనె అంచు పట్టుకుని ముందుకు వంగాడే గానీ చెయ్యి అందించలేదు. ఆయన మొహం చూశాను, దిగి రాడని తెలిసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. చెయ్యి దానంతటది బొందు దగ్గరికి పోయింది. బొటనవేలు తోసింది. ఒక కన్ను తెగింది, తర్వాత పది, తర్వాత లెక్క తెలియలేదు. కోస్తూనే ఉన్నాను. కాళ్ళు వదులయ్యాక కూడా, బయటపడ్డాక కూడా, ఏడుస్తూ కోస్తూనే ఉన్నాను. తాతయ్య దిగి నన్ను ఎత్తుకుని దోనెలో పడేసి, నా పక్కన కూలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు. "మీ నాన్న ఎడమచెయ్యి ఖాళీగానే ఉందే. చిక్కు విప్పింది నేను కదా, నాకు తెలుసు. చాకు మొలలోనే ఉంది. తీసినా ఒక్క చేత్తో తెరుచుకునేది కాదు, అది చాకు తప్పు. వోడు అసలు తియ్యనే లేదు. అది నా తప్పు. ఆనాడు గట్టు మీద నేను కొట్టిన దెబ్బ వోడు మరిచిపోలేదు."

ఇంటికెళ్ళాక అమ్మ ఆ వలను చూసింది. గుమ్మంలో పరిచి, తెగిన చోటల్లా చెయ్యి పెట్టి తడిమింది. ఎవరు కోశారని అడగలేదు. నా కాళ్ళ మీది ఎర్రటి గాట్లు చూసింది, బొందుకు వేలాడుతున్న చాకు చూసింది. సాయంత్రం కంచం పెట్టి మొహం తిప్పుకోలేదు. "తినండి మావయ్యా, చల్లారిపోద్ది" అంది. మూడు నెలల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది. తాతయ్య కంచం ముందు కూర్చున్నాడు గానీ ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు. ఆ వల తర్వాత చాలాకాలం మా కోడిపిల్లల గంప మీద గద్దలు రాకుండా కప్పి ఉండేది.

పెళ్ళయ్యాక నేనూ మా ఆయనా చేపల చెరువుల మీద పనికి పోయేవాళ్ళం. ఒకనాడు చెరువులో చేపల పట్టుబడి జరుగుతుండగా పెద్ద వల మా ఆయన కాళ్ళకు చుట్టుకుంది. ఆయన ఒక మునక వేసి లేచి, నవ్వుతూ, "ఏం లేదు, ఉండండి, విప్పుకుంటా" అంటున్నారు. నేను చీరతోనే దూకాను. రొంటిన ఉన్న చాకు తీసి, అందరూ చూస్తుండగా కొత్త వలను బారెడు పొడవున కోసేశాను. చెరువు యజమాని "కళ్ళు పోయాయా నీకు! వల నాశనం చేశావు కదే!" అని అరిచాడు. పక్కనున్న అమ్మలక్కలు, "ఇంకో నిమిషమైతే ఆయనే వచ్చేసేవాడు కదే, అంత తొందరేంటే" అన్నారు. వచ్చేసేవారేమో. ఆ నిమిషం ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను, మళ్ళీ చూడదలుచుకోలేదు. ఆ చెరువు మీద మాకు మళ్ళీ పని దొరకలేదు. మా ఆయన మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, ముసలితనం వచ్చి, మంచం మీద, నా చేతి నీళ్ళు తాగి పోయారు. అంతకంటే నేనెవరినీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు దాంతో పెద్ద పనులు లేవు. తమలపాకు తొడిమలు, పురికొసలు, పిల్లలు తెచ్చే పార్సిల్ కవర్లు. నూరీ నూరీ అలుగు సన్నబడి చేప ముల్లులా అయింది. పిడి రెండుసార్లు మార్పించాను. అయినా పొద్దున్నే కుళాయి కింద చెయ్యి తడుపుకుని ఒకసారి తెరిచి మడిచి రొంటిన దోపుకుంటాను. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్న మనవరాలు నవ్వుతుంది. "ఆకూ వక్కకు ఇంత సాధనా నాయనమ్మా?" అంటుంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కానీ ఇది మాత్రం బాగా వచ్చు.

ఈ చలికాలం కుడి బొటనవేలు కీలు పట్టేసింది. మొన్నొక పొద్దున ఎంత తోసినా అలుగు కదల్లేదు. నాన్న ఒంటరిగా నీళ్ళలో గుర్తొచ్చాడు. తర్వాత చాకును ఎడమచేతిలోకి మార్చుకున్నాను. నెల పట్టి నేర్చుకున్న ఆ వేలు మరిచిపోలేదు, తెరిచింది.