తెనాలి నుంచి కుట్టుకొచ్చిన మూట

“దాన్ని సోఫా మీద పెట్టకు. కింద పేపరు పరిచాను, దాని మీద పెట్టు. ఆఁ, ఇప్పుడు చెప్పు. నీ చేతికి ఇచ్చినప్పుడే కుట్టి ఉందా?”

“కుట్టే ఉందాంటీ.”

“లోపల ఏముందని అడగలేదూ?”

“రైలు కదిలిపోతోంది. మీ అక్కగారు కిటికీలోంచి ఒళ్ళో పడేసి, భ్రమరకివ్వు బాబూ అన్నారు.”

“పడేస్తే తెచ్చేశావు. చాంగీ ఎయిర్‌పోర్టులో సుంకం కట్టేదేమీ లేదన్నట్టు గ్రీన్ చానెల్లోంచి దర్జాగా నడిచొచ్చేశావు.”

నవనీత్ తల గోక్కున్నాడు. ఆ ఉదయమే విమానం దిగి, స్నానం చేసి, పెసరట్టు ఆశతో నేరుగా సింగపూర్ యీషున్‌లోని ఈ ఫ్లాట్‌కి వచ్చాడు. పెసరట్టు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. భ్రమరాంబగారు కళ్ళజోడు సవరించుకుని తెల్లగుడ్డ మూట చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

ఆ బ్లాకులో తెలుగువాళ్ళందరికీ ఆవిడ కస్టమ్స్ ఆంటీ. సైన్స్ పార్కులో కోడు రాసుకునే కుర్రాళ్ళు ఇండియా వెళ్ళే ముందు, వచ్చే ముందు ఆవిడ చెప్పింది వినాల్సిందే. దగ్గుమందు సీసా ఉంటే డాక్టరు చీటీ కూడా ఉండాలి. నిద్రమాత్రలైతే ముందే అనుమతి తెచ్చుకోవాలి. సిగరెట్లుంటే రెడ్ చానెల్‌కి పోయి సుంకం కట్టాలి. చూయింగ్ గమ్ ఊసే ఎత్తకూడదు. ఎవరు ఏ పొట్లం ఇచ్చినా విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టుకోవాలి. ఇవన్నీ ఆవిడకెలా తెలుసునన్న కథ నవనీత్ మూడు రకాలుగా విన్నాడు, మూడూ ఇతరుల నోటనే. ఆవిడ నోట వినాలని అతనికి ఎప్పటినుంచో ఉంది.

“అసలు ఆ రోజు ఏం జరిగిందాంటీ?” అన్నాడు మెల్లగా.

ఆవిడ కత్తెర తెచ్చి అతని చేతికిచ్చారు. “నువ్వే కొయ్యి. నేను ముట్టను. కోస్తూ విను.”

రెండేళ్ళ కిందట ఆవిడ తెనాలి నుంచి వస్తుంటే అక్క బాలనాగమ్మ ఇలాగే గుడ్డలో కుట్టి కందిపొడి ఇచ్చింది. గసగసాలు మాత్రం పెట్టొద్దని, సింగపూర్లో వాటిని మత్తుమందు కిందే చూస్తారని భ్రమరాంబగారు ఫోనులో చెప్పే ఉన్నారు. అక్క సరేనంది. చాంగీలో మిషన్‌లో చూసి గుడ్డ కోస్తే, కందిపొడి అడుగున చిన్న సంచిలో పావుకిలో గసగసాలు.

“ఎవరు సర్దారమ్మా అని అడిగాడు ఆఫీసరు. మా అక్క అంటే దానికేమవుతుందోనని, నేనే సర్దానన్నాను. అక్కడ చెడింది నాయనా! నేనే సర్దితే నాకు తెలిసే తెచ్చినట్టు కదా? మూడు గంటలు కూర్చోబెట్టారు. పాస్‌పోర్టు జిరాక్సు తీసుకున్నారు. మా ఆయన ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చారు. చివరికి గసగసాలు లాక్కుని, హెచ్చరించి వదిలారు. అప్పుడు ఇక్కడే స్థిరపడ్డానికి మా పీఆర్ దరఖాస్తు పెట్టి ఉంది. అది ఆర్నెల్లు ఆలస్యమైంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పేవాళ్ళెవరు?”

“మీ అక్కగారేమన్నారు?”

“గుప్పెడు గసగసాలకి ఇంత రాద్ధాంతమా అని నవ్వింది. నాకిష్టమని పెట్టిందట! ఆ నవ్వు విన్న రోజు ఫోను పెట్టేశాను. మళ్ళీ చెయ్యలేదు.”

“మమ్మీ, లెట్ హిమ్ మకాన్ ఫస్ట్ లా!” అని, ముందు అతన్ని తిననివ్వమన్నట్టు, లోపలి గదిలోంచి కూతురు స్పందన కేకేసింది.

“నువ్వూరుకో. ఇందులో ఏదైనా ఉంటే ఈ అబ్బాయికి జైలు కూడు మకాను.”

నవనీత్ చేతిలో కత్తెర ఆగింది. ఈసారి ఆ గేటు దాటి వచ్చింది తనేనని అప్పుడు తట్టింది అతనికి. మిగిలిన కుట్లు గబగబా కోశాడు.

లోపల అన్నీ పారదర్శకమైన సంచులే. ఒకదాంట్లో కందిపొడి. ఇంకోదాంట్లో మోకాళ్ళ నొప్పుల మాత్రలు, వాటికి పిన్ను పెట్టి డాక్టరు చీటీ. భ్రమరాంబగారు అక్కడితో నమ్మలేదు. మైదా జల్లెడ తెచ్చి కందిపొడి అంతా పేపరు మీదికి జల్లించారు. జల్లెడలో చిటికెడు తెల్లటి పలుకులు మిగిలాయి.

“ఇవేంటి?”

ఆవిడ ఒక పలుకు వేలి కొసకి అద్దుకుని, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

“ఉప్పు,” అన్నారు కాసేపటికి. గొంతులో ఇంకా అనుమానమే.

మూట అడుగున నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం ఉంది. నవనీత్ పైకి చదివాడు. “కందిపొడి అరకిలో. మాత్రలు మూడు నెలలకు సరిపడా, అంతకంటే ఎక్కువ పెట్టలేదు. ఊరగాయ పెట్టలేదు, నూనె కారుతుంది. గసగసాలు లేవు, నా పిల్లల మీద ఒట్టు. ఎవరు సర్దారని అడిగితే ఈసారి నా పేరే చెప్పు. బాలనాగమ్మ, గంగానమ్మపేట, తెనాలి.”

భ్రమరాంబగారు కాగితం లాక్కుని మళ్ళీ చదువుకున్నారు.

“నేనే సర్దానని ఆఫీసరుకి చెప్పిన సంగతి దానికెలా తెలుసు? నేను చెప్పలేదే! ఏవండీ?”

బాల్కనీలో కూర్చున్న ఆవిడ భర్త రాజారావుగారు పేపరు ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నారు.

“ఏవండీ, మిమ్మల్నే! ఎప్పట్నించి మాట్లాడుతున్నారు దాంతో?”

“ఆదివారం ఆదివారం,” అంది పేపరు.

ఆవిడ కందిపొడిని ఒక్క రవ్వ కింద పడకుండా డబ్బాలోకి ఎత్తుకున్నారు. గుడ్డ దులిపి మడత పెట్టారు. కాగితాన్ని పాస్‌పోర్టులుండే సొరుగులో పెట్టి తాళం వేశారు. పెనం పొయ్యి మీద పెట్టబోయి, మళ్ళీ దించేశారు.

“నవనీత్, చెప్పులేసుకో నాయనా. పెసరట్టు వచ్చాక తిందువుగాని. లిటిల్ ఇండియా దాకా వెళ్ళి ఇండియాకి మాట్లాడే ఫోను కార్డు ఒకటి పట్రా, పెద్దది. కవరు చిరిగింది ఇస్తే తీసుకోకు. నంబరు గీకేసి ఉందేమో షాపులోనే వెలుతుర్లో పెట్టి చూసుకో. ఎవర్నీ నమ్మకు.”