కైలాసం వేసిన జాయింటు

కైలాసానికి ఒకటే పిచ్చి. ఎవరింట్లో నీళ్లు కారినా వాటిని నాలుక మీద వేసుకుని రుచి చూస్తాడు. చూసి, తప్పు తనదేనని ఒప్పుకుంటాడు.

హుజూరాబాద్ రోడ్డు మీదున్న ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లు పంచాయతీ జీతం మీద కుళాయిల పని, అక్కడి మాటలో నల్లాల పని, చేసి దిగిపోయిన మనిషి. గోడ చెమ్మగిల్లినా, స్లాబు కారినా, సెల్లారులో మడుగు కట్టినా జనం మేస్త్రీ కంటే ముందు ఆయన్నే పిలుస్తారు. సైకిలు గోడకు ఆనించి, చెప్పులు విడిచి, దేవుడి గదిలోకి వెళ్లినంత భక్తిగా లోపలికి వెళ్తాడు. వేలు తడిలో ముంచి నాలుకకు రాసుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడతారు.

"నల్లా నీళ్లు," అంటాడు చివరికి. "మెయిన్ లైను జాయింటు జారింది. గా జాయింటు నేనేసిందే. తప్పు నాది."

ఇన్ని జాయింట్లు చెడగొట్టినోనికి జీతమెట్ల ఇచ్చిండ్రో అని ఊరు ఊరంతా నవ్వుకునేది.

ఒకసారి కిషన్‌రావు బాత్రూము నీళ్లు గోడ దాటి, పక్కనున్న సిద్దిరాములు నూలు గదిలోకి దిగాయి. నూలంతా తడిసింది. మాటా మాటా పెరిగి ఇద్దరూ పోలీస్‌స్టేషనుకు బయలుదేరుతుంటే ఎవరో కైలాసాన్ని పట్టుకొచ్చారు. ఆయన గోడను వేలితో తుడిచి నాలుకకు రాసుకుని, నల్లా నీళ్లేనని తేల్చాడు.

"మరి నురగేంది కాకా?" అన్నాడు సిద్దిరాములు. "సబ్బు వాసన గూడ గుప్పుమంటుంది."

"బ్లీచింగు ఎక్కువ గలిపిన. గదీ నా తప్పే."

"నువ్వు పని బందువెట్టి ఆరేండ్లాయె!"

"గందుకే గింత ఆలస్యంగ అచ్చింది."

కిషన్‌రావుకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సిద్దిరాములుకు. పోలీస్‌స్టేషను మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాతి వారం కిషన్‌రావు ఎవరికీ చెప్పకుండా బాత్రూము తవ్వించి కొత్త పైపులు వేయించుకున్నాడు. నూలు ఖరీదు కూడా పంపించాడని వినికిడి.

సంతోష్‌రావు కొత్తింట్లోనూ అదే తీర్పు. "కాకా, ఇల్లు కట్టి రెండేండ్లు గాలే. నువ్వు పనిల ఉన్నప్పుడు ఈడ మక్కచేను!" అని ఆయన మొత్తుకున్నాడు.

"మక్కచేను నీళ్లు తాగదా?" అన్నాడు కైలాసం.

ఇంట్లో భార్య ఐలవ్వ మాత్రం నవ్వేది కాదు. "ఊరోళ్ల మోరీల మురికంత నాకి వచ్చి నా కూరల ఉప్పు లేదంటవా?" అని అన్నం ముందు కూర్చోబెట్టి కడిగేసేది.

ఈ కథలన్నీ విని కడుపు పట్టుకుని నవ్విన వాళ్లలో మంజుల ఒకతె. ఆమె నవ్వి మూడు నెలలైంది.

మంజుల భర్త శ్రీహరి ఇల్లు కట్టేటప్పుడు, వీధిలో వాళ్లకు చప్పుడు వినిపించకూడదని కింద సెల్లారు తవ్వించి రెండు సాంచెలు అందులో పెట్టాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. "ఇల్లు కట్టుమంటె బాయి తవ్వుతున్నవేందిరా?" అని తల్లి శంకరవ్వ అప్పుడే అడిగింది. శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం శ్రీహరి సాంచె నడపడానికి కిందికి దిగుతూ, మెట్ల మీద తడికి కాలు జారాడు. తలకు దెబ్బ తగిలింది. రెండో రోజు కరీంనగర్‌లో ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ఆ రోజు వాన పడింది. మెట్ల మీదికి వచ్చింది వాన నీళ్లేనని అందరూ అన్నారు. కానీ మంజులకు ఇంకో సంగతి తెలుసు. ఆ రోజు ఆమె మోటరు వేసి, ఆపడం మరిచిపోయి, పక్కింటి వనజతో ముచ్చట్లలో పడింది. మిద్దె మీది ట్యాంకు నిండి పొర్లి గంటసేపు గోడ వెంట కారింది. తన భర్త కాలు జారింది వాన నీళ్ల మీదా, తను మరిచిన నీళ్ల మీదా? ఎవరిని అడుగుతుంది? అత్త ఇంత అన్నం పెట్టి "తిను బిడ్డా" అంటే సగం తిని కంచం పక్కకు నెట్టేది. ఆ మూడు నెలల్లో ఆమె సెల్లారు గడప తొక్కలేదు.

కార్తీకం వచ్చింది, వానలు పోయాయి. ఈ ఏడు ఆ ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. నిరుడు గునుగుపూలకు అద్దగా మిగిలిన నీలం రంగు పొట్లాలు గూట్లో అట్లాగే ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే మంజుల నాలుగు పొట్లాలూ ట్యాంకులో కలిపి మోటరు వేసింది. నిండనిచ్చింది, పొర్లనిచ్చింది, గంటసేపు కారనిచ్చింది. మెట్ల మీదికి నీలం వస్తే తప్పు తనది. రాకపోతే శ్రావణంలో వచ్చింది వాన నీళ్లే. అంత ధైర్యం చేసిన మనిషి సెల్లారు తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

కింద నీళ్ల చప్పుడు విని, కొడుకు సాంచెలు తుప్పు పడతాయని శంకరవ్వ కైలాసానికి కబురు పంపిందని మంజులకు తెలియదు. సైకిలు ఆగింది. చెప్పులు విడిచి, మంజుల నోరు తెరిచే లోపలే ఆయన టార్చిలైటుతో కిందికి దిగిపోయాడు.

చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక్కో మెట్టూ మెల్లగా ఎక్కి వచ్చాడు. మంజుల ముఖంలోకి ఒకసారి చూశాడు, అత్త దిక్కు తిరిగాడు.

"ఏం నీళ్లు కైలాసం?" అంది శంకరవ్వ.

"నల్లా నీళ్లు వదినె. నేనేసిన జాయింటే." ఆయన టార్చి ఆర్పాడు. "ఇయ్యాల్నే గాదు, శ్రావణంల గూడ గదే కారింది. తప్పు నాది."

ఆ మాటలు అంటున్నప్పుడు మంజుల ఆయన నోరు చూసింది. నాలుక నీలంగా ఉంది. ముదురు నీలం.

ఆమెకు అంతా తెలిసిపోయింది. తను భయపడ్డదే నిజం. ఆ నిజాన్ని కింద టార్చి వెలుగులో చూసి, నాలుక మీద పెట్టుకుని కూడా ఈ ముసలాయన ఒక చావును తన నెత్తి మీద వేసుకుంటున్నాడు. అదీ చచ్చిపోయినవాడి తల్లి ముందు నిలబడి.

శంకరవ్వ తలుపు పట్టుకుని కూర్చుండిపోయింది. కైలాసం తల వంచుకుని నిలబడ్డాడు.

"పోనియ్యి కైలాసం," అంది చివరికి. "నువ్వు గావాల్నని జేసినవా? వానికి అంతే రాసిపెట్టి ఉన్నది. నిన్నేమంట?"

మంజులకు దుఃఖం ఆగలేదు. "జాయింటు గాదు అత్తమ్మా," అంది. "కైలాసం మామ అబద్ధం జెప్తుండు. ఆ దినం మోటరు బంద్ జేసుడు నేనే మర్సిన. ట్యాంకు పొర్లింది. నా వల్లనే పోయిండు."

శంకరవ్వ కోడలి చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ట్యాంకు పొర్లుడు నేను గూడ ఇన్న బిడ్డా," అంది. "మోకాళ్లు నొస్తున్నయని మంచంల నుంచి లెవ్వలే. నువ్వే అచ్చి బంద్ జేస్తవనుకున్న. మూన్నెల్ల సంది నీ మొకం సూడాల్నంటె నాకు భయమైతుంది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మూడు నెలలు ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చిన ఏడుపు అది.

కైలాసం ఎటూ పోలేక నిలబడ్డాడు. "జాయింటు నాదంటె ఇద్దరు ఇనరేంది?" అన్నాడు ఉక్రోషంగా. "గీ ఊర్ల మోటరు మర్సిపోని ఇల్లొకటి సూపియ్యుండ్రి. తప్పంటె నాది!"

శంకరవ్వ కళ్లు తుడుచుకుని తలెత్తింది. "నీ నాలుకకేమైందిరా? నల్లగున్నది?"

కైలాసం గబుక్కున నోరు మూశాడు. ఆలోచించాడు. "నేరేడుపండ్లు తిన్న," అన్నాడు పళ్ల సందుల్లోంచి.

"కార్తీకంలనా?"

మంజుల పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపే అనుకున్నారు మిగతా ఇద్దరూ. కాదు.

ఆ నీలం రెండు రోజులు వదల్లేదు. కైలాసం నాలుక చూడటానికి జనం అంగడి మానుకుని వచ్చారు. మూడో రోజు ఐలవ్వ నేరుగా మంజుల ఇంటికే వచ్చింది. మంజుల సెల్లారులో మెట్లు కడిగి, సాంచెకు నూనె పెడుతోంది.

"ఏం బిడ్డా," అంది ఐలవ్వ పైనుంచే, "మా ముసలోడు మీ ఇంట్ల ఏం తిన్నడు?"

"నేరేడుపండ్లు చిన్నత్తమ్మా," అంది మంజుల. "నేనే పెట్టిన."

ఐలవ్వ కిందికి తొంగి చూసింది. గోడ అడుగున ఇంకా నీలం చారలున్నాయి. వాటినీ చూసింది, మంజుల ముఖాన్నీ చూసింది.

"మంచిగ తిన్నడు తియ్యి," అంది. "ఇంకేమన్న మిగిలితె నాకు గూడ రెండు పంపియ్యి."